పత్తి గదిలో నా గొంతు

పత్తి మధ్య కూర్చుని పాడితే పాట ఎక్కడికీ పోదు. నోట్లోంచి వచ్చి అక్కడే ఒళ్లో పడిపోతుంది. గోడ బదులు పలకదు, పైన స్లాబు బదులు పలకదు. నేనా, ఇరవై ఏళ్లుగా పెళ్లి మండపాల్లో, మైకు సెట్టు వాడు చెవులు గింగిర్లెత్తేలా ఎకో పెట్టి ఇస్తే పాడినదాన్ని. ఆ గదిలో మొదటిసారి నా గొంతు నాకు వినపడి హడలిపోయాను. ఛీ, ఇంత పేలవమైన గొంతా నాది అనుకున్నాను.

అసలు ఆ గదిలోకి నేను పాడటానికి వెళ్లలేదు, జబ్బుచేసి వెళ్లాను. కరోనా రెండోసారి వచ్చిన వేసవి అది. మాది ప్రత్తిపాడు పక్కన ఒక పల్లె. మా ఆయన నాకు మేనమామ కొడుకే, బావా అనే పిలుస్తాను. కౌలుకు తీసుకుని కొంత పత్తి, కొంత మిరప వేస్తాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. ముందు గది, వంటిల్లు, వసారా, వెనక ఒక గది. రేటు వస్తుందేమోనని చూస్తూ ఆ వెనక గది నిండా పత్తి పోసి ఉంచాం. మా వైపు ఇదేం వింత కాదు. పంట ఇంట్లోకి వచ్చిందంటే పత్తి గదిలో పడుకుంటుంది, మనుషులు వసారాలో పడుకుంటారు.

ఆశా కార్యకర్త మాత్రల పొట్లం అరుగు మీద పెట్టి వెనక్కి జరిగి, "వేరే గదిలో ఉండాలక్కా" అంది.

మా అత్తకి అంత బెంగలోనూ నవ్వొచ్చింది. "వేరే గదిలో పత్తి ఉంది గదమ్మా, దాన్నెక్కడికి పంపమంటావ్?"

బావ పత్తిని వెనక్కి నెట్టి, కిటికీ దగ్గర నవారు మంచం పట్టేంత చోటు చేశాడు. మూడు వైపులా నెత్తి మీదిదాకా పత్తి, నాలుగో వైపు తలుపూ కిటికీ. ఫ్యాను వేస్తే దూది లేచి ముక్కుల్లోకి పోతుంది, కాబట్టి ఫ్యాను లేదు. నిప్పు భయం, కాబట్టి దోమల చక్రం లేదు. ఎండాకాలం, గుంటూరు ఎండ. ఒళ్లంతా దురద. జ్వరం తగ్గిందాకా నాకేం తెలియలేదు గానీ, తగ్గాక మాత్రం ఏడుపొచ్చింది. అరిస్తే ఆ అరుపు కూడా పత్తిలోనే ఇంకిపోయేది. మా అత్త తలుపు దగ్గర కంచం పెట్టి, గొళ్లెం చప్పుడు చేసి వెళ్లిపోయేది.

నా పని గురించి చెప్పాలి. నేను ఆర్కెస్ట్రా సింగర్ని. పెళ్లిళ్లు, తిరనాళ్లు, ఎప్పుడైనా షాపు ఓపెనింగులు. మా ట్రూపు కరపత్రం మీద నా ఫొటో కింద 'జూనియర్' అని వేసి, ఒక పెద్ద గాయని పేరు వేస్తారు. ఆవిడెవరో ఇక్కడ చెప్పను. ఆవిడ గొంతు అద్దెకు తీసుకుని బతికినదాన్ని, ఇప్పుడు పేరు కూడా వాడుకోవడం ఎందుకు. ఆవిడ కట్టినట్టే చీర, ఆవిడ పెట్టినట్టే బొట్టు. ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటే నేనూ అక్కడే ఊపిరి తీసుకోవాలి. కళ్లు మూసుకుంటే ఆవిడే పాడుతున్నట్టుంది అన్నారంటే ఆ రోజు నేను గెలిచినట్టు. యాంకరు "ఇప్పుడు మన జూనియర్..." అనగానే లేచి వెళ్లేదాన్ని. గ్రీన్‌రూములో టీ ఇచ్చేవాడు కూడా "జూనియర్ గారూ, చక్కెర సరిపోయిందా" అనేవాడు. ఇరవై ఏళ్లు అలాగే పలికాను, నాకేం తప్పుగా అనిపించలేదు.

మా ట్రూపులో కీబోర్డు వాయించే అన్నయ్య ఒకడు ఉన్నాడు. నాకంటే పెద్దవాడని అన్నయ్యా అంటాను, తాడేపల్లిలో అద్దెకుంటాడు. పెళ్లిళ్లు ఆగిపోయాక పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసి, మిగతా రోజంతా ఖాళీగా కూర్చునేవాడు. నాకు బాగాలేదని తెలిసి ఫోన్ చేశాడు. పలకరింపులయ్యాక, "అమ్మా, ఖాళీగా పడుకుని ఏం చేస్తావ్. నా దగ్గర సొంత బాణీలు బోలెడు మూలుగుతున్నాయి. ఆల్బమ్ చేద్దామా? పాప్ ఆల్బమ్. ఆరు పాటలు, పైన ఒక బొమ్మ, అంతే. యూట్యూబ్‌లో పెడదాం" అన్నాడు.

"ఎవరు వింటారు అన్నయ్యా?"

"ఎవరూ వినరు. ఇప్పుడు మాత్రం ఎవరు వింటన్నారు?"

ఆ మాట నచ్చింది నాకు. పైగా ఆ గదిలో చేయడానికి వేరే పని లేదు. అన్నయ్య నా ఫోనుకి వాద్యం పంపేవాడు. దాన్ని చెవుల్లో పెట్టుకుని వింటూ, బావ పాత ఫోన్ పత్తి మీద ఆనించి, అందులో నా పాట రికార్డు చేసేదాన్ని. మధ్యాహ్నం కర్ఫ్యూ. ఎండకి కుక్క కూడా మొరగదు. స్టూడియోలో డబ్బు పోసి కొనే నిశ్శబ్దం మా ఇంట్లో పత్తి రూపంలో పడి ఉందని అన్నయ్య తెగ మురిసిపోయాడు. మాటలు నేనే కట్టాను. చీరకి ఇస్త్రీ పెట్టుకోవడం మీద ఒకటి, పెళ్లిలో భోజనం దొరకని బ్యాండు వాళ్ల మీద ఒకటి. ఆరోది మాత్రం నా సొంత కథ. తెల్లారగట్ల తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెవులకున్న గిల్టు జుంకాలు తీసి పర్సులో వేసుకుని, గుంటూరు వచ్చిందాకా కునుకు తీయడం మీద. ఆ పాట బాగా రావాలని నాకు చాలా ఆశగా ఉండేది.

మొదటి పాట పాడి పంపాను. సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఇది ఆవిడ పాడినట్టుందమ్మా."

"థాంక్స్ అన్నయ్యా."

"థాంక్స్ ఏందమ్మా! ఆవిడ పాట కావాలంటే ఆవిడవే వందలున్నాయి, అవి పెట్టుకుని వింటాను. ఇది మన ఆల్బమ్. నీ గొంతు పంపు."

నాకు ఒళ్లు మండింది. "నా గొంతు ఎక్కడుందో నాకు తెలిస్తే కదా పంపడానికి!" అని ఫోన్ పెట్టేశాను. ఇరవై ఏళ్లు నా పక్కనే నిలబడి, ఆవిడలా పాడమ్మా, ఆవిడలా పాడమ్మా అని నెత్తీనోరూ కొట్టుకున్న మనిషే, ఇప్పుడు నీలా పాడు అంటే ఎలా? వంట రాని దానికి విందు వండమన్నట్టు ఉంది.

రెండో పాట దగ్గరికి వచ్చేసరికి ఆ గొడవే లేకుండా పోయింది. ఆవిడలా పాడదామన్నా ఊపిరి లేదు. ఆవిడది సన్నటి గొంతు, పైన తీగలా సాగుతుంది. దానికి రొమ్ము నిండా గాలి కావాలి. నాకు మంచం మీంచి లేచి కిటికీ తలుపు తీసేసరికే ఆయాసం. పైకి వెళ్లబోతే గొంతు జీరపోయి, మధ్యలో తెగిపోయింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ తెగింది. చివరికి కిందనే, మాట్లాడినట్టు, ఎక్కడ గాలి అయిపోతే అక్కడ ఆగి, పీల్చుకుని, పాడి పంపించేశాను. సిగ్గేసింది. అన్నయ్య "ఊఁ" అన్నాడు. మొదటిది మళ్లీ, ఆ తర్వాతి మూడూ అలాగే, చచ్చీ చెడీ పాడాను. ఒక్కో పాట అయ్యాక మంచం మీద వాలిపోయి, పత్తి వంక చూస్తూ పడుకునేదాన్ని.

మా అత్త ఒకరోజు కంచం పెట్టి వెంటనే వెళ్లలేదు. తలుపవతలే నిలబడింది.

"ఏం పాడతన్నావే రోజూ?"

"పాప్ అత్తా."

"అంటే ఏంది?"

"సినిమాలోది కాదు. సొంతంగా."

"ఓహో" అంది. "పొద్దున్నే పెరట్లో చప్పుడు లేదే అమ్మాయ్. తెల్లారినట్టే ఉండట్లేదు" అని వెళ్లిపోయింది. నా బదులు ఆవిడ అంట్లు తోముకోవాల్సి వస్తోందని దెప్పుతోందనుకున్నాను. మా అత్త నా పాటని ఇన్నేళ్లలో మంచీ అనలేదు, చెడూ అనలేదు. ఒకే ఒక్కసారి నన్ను స్టేజీ మీద చూసింది. ఇంటికొచ్చాక "బానే అరిచావు" అంది. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది.

ఆ రోజుల్లోనే ట్రూపు యజమాని ఫోన్ చేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. శ్రావణంలో ముహూర్తాలున్నాయి, పెళ్లిళ్లకి పర్మిషన్లు ఇస్తారేమో, ఆవిడవి ఆ పై స్థాయి పాటలు పాడగలవా అని అడిగాడు. పాడగలనండీ అన్నాను. ఏదీ ఒక చరణం ఫోన్లోనే అన్నాడు. ఎత్తుకున్నాను. ఎత్తుకున్న చోటే తెగిపోయింది. ఆయన ఏమీ ఎరగనట్టు, "తొందరేం లేదమ్మా, రెస్టు తీసుకో, గొంతు అదే వస్తుంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. రాకపోతే? నాకు తెలిసిన పని అదొక్కటే. రాకపోతే నేనేం చేయాలి?

నాకు తగ్గి, గది బయటికి రావచ్చన్నారు. అప్పటిదాకా మా గుమ్మం తొక్కని పత్తి బేరగాడు ఆ మర్నాడే వచ్చాడు. ఇంకా ఆరో పాట మిగిలి ఉంది.

"రెండు రోజులు ఆగు బావా. ఆ ఒక్క పాట పాడేస్తాను" అన్నాను.

"నీ పాట కోసం రేటు ఆగుద్దా? ఇన్నాళ్లూ జబ్బున్న ఇల్లని మన వీధిలోకే ఎవరూ రాలా. ఇయ్యాళ వచ్చాడు, ఇచ్చేస్తాం."

"నువ్వెప్పుడు నా మాట విన్నావ్ గనక!"

"నీ పాటే వింటన్నా గదా రోజూ, ఇంకా మాటెందుకు?"

వసారాలో నిలబడి ఇద్దరం ఊరంతా వినేట్టు పోట్లాడుకున్నాం. ఆయాసంతో నేనే ముందు ఆగిపోయాను. కాటా వచ్చింది, వ్యాను వచ్చింది, పత్తి తొక్కి నింపారు, వెళ్లిపోయింది. గదిలోకి వెళ్లి చప్పట్లు కొడితే గోడలు తిరిగి కొట్టాయి. ఒక ముక్క పాడి చూశాను. నూతిలో తల పెట్టి అరిచినట్టుంది. ఖాళీ మంచం మీద కూర్చుని ఏడ్చాను. పత్తి అమ్ముడైందని ఏడ్చిన ఆడది మా ఊళ్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బావ అది చూసినట్టున్నాడు. మర్నాడు మధ్యాహ్నం నేను ముందు గదిలో నిద్రపోతుంటే, వసారాలో పేర్చి ఉన్న మిరపకాయల బస్తాలన్నీ, వాటినే మేం టిక్కీలంటాం, గుంటూరు మిర్చి యార్డు మూసేశారని అమ్మకుండా ఉంచినవి, ఒక్కడే మోసుకెళ్లి ఆ గదిలో గోడల వెంబడి స్లాబు దాకా పేర్చాడు. మధ్యలో నా మంచం. కిటికీకి రెండు దుప్పట్లు వేలాడదీశాడు. నన్ను లేపి తీసుకెళ్లి చూపించాడు. చొక్కా తడిసి ముద్దయిపోయింది, మొహం వెలిగిపోతోంది.

"చూడు, చప్పట్లు కొట్టి చూడు. మోగుద్దేమో చూడు. పత్తి కంటే గట్టిగా పేర్చా."

నిజంగానే మోగలేదు. పుట్టినప్పటి నుంచీ మిరపకాయల్లో పెరిగిన మనిషి, ఆయనకి మిరపకాయ బస్తా అంటే బస్తానే, అందులో ఘాటుంటుందనే ధ్యాసే లేదు. నాకు గుమ్మంలోనే ముక్కు మండింది. కానీ ఆ మొహం చూసి వద్దని ఎలా అనను? ఎన్నేళ్లకి నా పాట కోసం ఒక పని చేశాడు. లోపలికి వెళ్లాను. చప్పుడు రాకుండా ఉండాలని బావ బయటి నుంచి తలుపు దగ్గరగా వేశాడు. వాద్యం మొదలైంది. 'కిటికీ పక్క సీటు' అన్నంత వరకూ పాడాను.

దగ్గు అందుకుంది. అంతా ఇంతా దగ్గు కాదు. కళ్లు, ముక్కు, గొంతు కలిసి మంటెత్తిపోయాయి. పక్కన ఫోన్లో డ్రమ్ములు వాయిస్తూనే ఉన్నాయి. తలుపు తోసుకుని వచ్చి వసారాలో కూలబడ్డాను. బావ జబ్బు తిరగబెట్టిందనుకుని, వేలికి పెట్టి చూసే మిషను కోసం వీధిలోకి పరిగెత్తబోయాడు. మా అత్త గదిలోకి తొంగి చూసి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి అందుకుంది.

"ఒరేయ్, నీకేవన్నా బుద్ధుందంట్రా! ఊపిరి ఆడని మనిషిని మిరక్కాయల్లో కూకోబెట్టి తలుపేస్తావా? ఇంకా నయం, కింద నిప్పు పెట్టి పొగ కూడా పెట్టలా!"

"పాట మోగకూడదంటేనూ..." అన్నాడు బావ, గోడకి ఆనుకుని.

దగ్గుతూనే నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా దగ్గొచ్చింది. బావ టిక్కీలన్నీ మళ్లీ ఒక్కడే వసారాలోకి మోసుకొచ్చుకున్నాడు. పాపం, ఆ సాయంత్రం అన్నం కూడా తినలేదు.

ఆ దెబ్బకి ఉన్న గొంతు కూడా పోయింది. చాలా రోజులు గుసగుసే. గొంతు కాస్త తిరిగి వస్తున్న రోజుల్లో, ట్రూపు యజమాని వాట్సాప్ స్టేటస్‌లో కొత్త కరపత్రం చూశాను. 'జూనియర్' అని అదే అక్షరాలు, అదే గాయని పేరు. పైన ఫొటో వేరే అమ్మాయిది. చిన్నపిల్ల, నవ్వు బాగుంది. ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఎవరి మీదా కోపం రాలేదు. అలసట, అంతే. అన్నయ్యకి ఫోన్ చేసి, నా వల్ల కాదు, అయిదింటితో ఆపెయ్యి, అసలు అవి కూడా తీసి అవతల పారెయ్యి అన్నాను. సరేనమ్మా అన్నాడు గానీ, ఆ రాత్రికే అయిదు పాటలూ వాద్యంతో కలిపి, బాగు చేసి పంపించాడు. నేను వినలేదు.

విన్నది మా అత్త. పొద్దున్నే బావ నా ఫోన్ తీసుకుని, గట్టిగా వినపడాలని స్టీలు చెంబులో నిలబెట్టి, పెరట్లో అరుగు మీద పెట్టాడు. నేను వంటింట్లోంచి ఆపు బావా, ఆపెయ్యి అంటూనే ఉన్నాను. చెంబులోంచి నా గొంతు వస్తోంది. కింద కిందనే నడుస్తోంది, బొంగురుగా ఉంది, ఎక్కడ పడితే అక్కడ ఊపిరి పీలుస్తోంది. మా అత్త పళ్లపుల్ల నోట్లోంచి తీసి పట్టుకుని, ఆ పాట అయిందాకా కదలకుండా విన్నది.

నేను తట్టుకోలేకపోయాను. "పోయిందత్తా నా గొంతు. పోయిన గొంతు అది. ఏం వింటావు?" అన్నాను. అంటుంటేనే ఏడుపొచ్చింది.

అత్త నా వంక వింతగా చూసింది.

"పోవడం ఏందే? నీ గొంతు ఇదే గదా."

"కాదత్తా, నేను స్టేజీ మీద..."

"స్టేజీ మీద పాడేది ఎవరో నాకు తెలీదమ్మాయ్. నువ్వొచ్చిన కాడ్నుంచీ పొద్దున్నే ఇక్కడ కూకుని అంట్లు తోముకుంటా పాడతావు చూడు, అది ఇదే గొంతు. ఎన్నేళ్ల నుంచి వింటన్నా, నాకు తెలీదా? నువ్వు ఆ గదిలో పడున్నన్నాళ్లూ ఇది లేకే గదా నాకు తోచలా."

బావ చెంబులోంచి ఫోన్ తీసి, "అవును, ఇదే" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

నేను అంట్లు తోముతూ పాడతానని నాకు తెలియదు. ఒట్టు, తెలియదు. ఇరవై ఏళ్లు ఎవరో ఒకావిడ గొంతు సాధన చేస్తూ, ఇంకొకటి బూడిద చేతులతో పెరట్లో పారబోస్తున్నానన్నమాట. నాకు తప్ప ఇంట్లో అందరికీ వినపడింది అది.

ఆరో పాట పెరట్లోనే పాడాను. పంపు పక్కన ముక్కాలిపీట వేసుకుని, తోమిన గిన్నెలు బోర్లించాక. పైకి వెళ్లాలని చూడలేదు. బస్సు కిటికీ దగ్గర ఊపిరి అయిపోతే ఆగాను, మళ్లీ పీల్చుకుని గుంటూరు దాకా వెళ్లాను. మధ్యలో ఒక గిన్నె జారి మోగింది. అన్నయ్య అది తీసేస్తానంటే, ఉండనీ అన్నాను. అప్పుడు మా అత్త వసారా గుమ్మంలోనే ఉంది. అయ్యాక లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

పాటలు పైకి పెట్టే రోజు అన్నయ్య ఫోన్ చేశాడు. బొమ్మ సిద్ధం చేశాడట, పత్తి రాశి పక్కన ఒక మంచం. కింద పాడినవాళ్ల పేరు వేయాలి.

"'జూనియర్' అని వేస్తే ఎవరైనా ఆగి వింటారమ్మా. వేయమంటావా?"

"ఆ పేరుకి వేరే పిల్ల ఉందిగా అన్నయ్యా ఇప్పుడు. నా పేరే వెయ్యి."

"మంచిదమ్మా" అన్నాడు. అవతల గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకమ్మా. ఇంతకీ నీ అసలు పేరేంది?"